నెల్లూరు టేబుల్‌కి ఏ మాడ్యూల్? అర్బన్ ఫాంటసీ కొనే ముందు

"అన్నా, అర్బన్ ఫాంటసీ ఆడదామనుకుంటున్నాం, ఏ మాడ్యూల్ కొనమంటావు?" అని రోల్‌ప్లేయింగ్ ఆటలకి కొత్తగా టేబుల్ పెట్టే పిలకాయలు అడుగుతుంటారు. తీర్పు ముందే చెప్పేస్తా, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారైతే ఒకటి రెండు ఆదివారాల్లో తేలిపోయే కేసు మాడ్యూల్ తీసుకోండి. మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్ రూల్స్‌తో ఆడండి. కథ యే చికాగోలో జరుగుతున్నా సరే, దాన్ని లేపుకొచ్చి ట్రంకు రోడ్డు పక్కన దించండి. వాంపైర్ల రాజకీయం జోలికి మాత్రం ఒక ఏడాది దాకా పోవద్దు.

ఈ ఆట అసలు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్, మేం జీఎం అంటాం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని "నేను తలుపు తోస్తా", "నేను వాచ్‌మన్‌ని మాటల్లో పెడతా" అంటుంటారు. ఏమవుతుందో తేలని చోట పాచికలు పడతాయి. మాడ్యూల్ అంటే జీఎం చేతికిచ్చే తయారు సరుకు: చోట్లు, మనుషులు, వాళ్ళ గుట్లు, ఎవరూ అడ్డుపడకపోతే ఏం జరుగుతుందనే వరస. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోటలతో, కత్తులతో ఈ ఆటని అచ్చులోకి తెచ్చింది. అర్బన్ ఫాంటసీ దానికి పట్నంలో కాపురమున్న చుట్టం. ఇప్పటి ఊరే, ఇప్పటి ఫోన్లే, కాకపోతే వీధి చివర టీ కొట్టాయన మనిషి కాకపోవచ్చు. 1989లో షాడోరన్, 1991లో వాంపైర్ ది మాస్కరేడ్ ఈ దారి వేశాయి.

వాంపైర్ అంటే నాకు పడదని కాదు. నా మొదటి టేబుల్ దాంతోనే పెట్టా. అందుకే చెప్తున్నా.

హరనాథపురంలో మా మిద్దె మీద ఆరుగురం కూర్చున్నాం. వాంపైర్ అయిదో ఎడిషన్ రూల్స్, చేతిలో చికాగోలో జరిగే వర్గాల మాడ్యూల్. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన కట్ట బరువుకే నాకు గొప్పగా అనిపించింది. మొదటి వారం ఆరుగురూ వచ్చారు. రెండో వారం నలుగురు. మా మేనమామ కొడుకు రొయ్యల గుంటలు చూసుకుంటాడు; కరెంటు పోయిందని ఫోనొస్తే ఏరియేటర్లు ఆగిపోతాయని బండి తీసేస్తాడు, అప్పుడు నా చికాగో యువరాజు గతి ఏమైనా వాడికి పట్టదు. కావలి నుంచి వచ్చే స్నేహితుడికి రైలు. మెడికల్ షాపు బావకి ఆదివారం సాయంత్రమే గిరాకీ. మూడో వారం ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ తెలిసిన కుట్ర సగమే, మిగతా సగం రానివాళ్ళ దగ్గర ఉండిపోయింది. వర్గాల కథలో ఒక్కరు తగ్గితే గోడలో ఇటుక తీసినట్టే. మాడ్యూల్‌ది తప్పు కాదు, నాది. టేబుల్‌కి ఎవరెవరు వస్తారో చూడకుండా అట్ట మీద బొమ్మ చూసి కొన్నా.

మాడ్యూళ్ళలో రకాలు

బజార్లో దొరికే అర్బన్ ఫాంటసీ మాడ్యూళ్ళని నేను మూడు గంపల్లో వేస్తా. మొదటిది కేసు. ఒక ఘటన, ఒక జీవి, ఒక గడువు. ఎవరో మాయమయ్యారు, ఎందుకో కనుక్కోవాలి, ఆలస్యమైతే ఇంకా కొందరు పోతారు. ఎవరన్నా ఒక ఆదివారం రాకపోతే "ఆయన ఊళ్ళో లేడు" అంటే సరిపోతుంది. రెండోది ఊరు. అందులో కథంటూ ఉండదు. మ్యాపు, ముప్ఫై మంది మనుషులు, బోలెడు పుకార్లు ఉంటాయి; ప్లేయర్లు ఎటు పోతే అటు. మూడోది వర్గాలు. రాత్రి ఊరిని ఏలేవాళ్ళు, వాళ్ళని దించాలని చూసేవాళ్ళు, మధ్యలో నలిగే మీరు. దోపిడీ ప్లాన్ల మాడ్యూళ్ళు నాలుగో రకం, షాడోరన్ వాళ్ళకి అవే ప్రాణం. మా వాళ్ళకి ప్లానింగు మొదలైతే రెండు గంటలు కొట్లాటే, తాళం తీసే దాకా పోనే పోరు. రూల్స్ పుస్తకం కూడా రోకలిబండంత. ఇక దాని మాట ఎత్తను.

కేసు మాడ్యూల్‌కి జీఎం ఒక సాయంత్రం చదువుకుంటే చాలు. ఊరి మాడ్యూల్‌కి చదివింది తక్కువ పనికొస్తుంది; అప్పటికప్పుడు అల్లే నాలుక కావాలి. వర్గాల మాడ్యూల్‌కి చదవడంతో పాటు ప్రతి సెషన్ తర్వాత గంటసేపు లెక్కలు రాసుకోవాలి: ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారు, ఎవరికి ఏం తెలిసింది. జనవరి, ఏప్రిల్ నెలల్లో పరీక్షలు రాసే తమ్ముళ్ళు, రొయ్యల పట్టుబడి రోజుల్లో కనబడని రైతు, ఇలాంటి టేబుల్‌కి ఏది నిలుస్తుందో మీరే చెప్పండి.

పెన్సిల్ పెట్టి కొట్టేయండి

ఇది నేను కొనే ముందు చేసే పని. డ్రైవ్‌త్రూఆర్పీజీ లాంటి సైట్లలో చాలా పీడీఎఫ్‌లకి కొన్ని పేజీలు ముందే చూపిస్తారు. రేట్లు డాలర్లలో ఉంటాయి, కార్డుకి విదేశీ చెల్లింపు తెరిచి ఉండాలి, కాబట్టి తొందరపడకుండా ఆ పేజీలు ప్రింటు తీసుకోండి. పెన్సిల్‌తో వీధుల పేర్లు, పొగమంచు, మంచు, సబ్‌వే, బారు, నియాన్ లైట్లు అన్నీ కొట్టేయండి. తర్వాత ఏం మిగిలిందో చూడండి.

ఎవరికి ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో, దాన్ని కనిపెట్టడానికి ఎన్ని దారులున్నాయో మిగిలితే ఆ మాడ్యూల్ మన ఊరికి నడుస్తుంది. పొగమంచు కొట్టేశాక కాగితం తెల్లగా మిగిలితే దాన్ని వదిలేయండి, బొమ్మలు ఎంత బాగున్నా. దారుల సంగతి గట్టిగా చూడాలి. ముఖ్యమైన ప్రతి నిజానికీ కనీసం మూడు క్లూలుండాలనేది జీఎంల మధ్య బాగా నలిగిన సూత్రం. ఒకటి ప్లేయర్లు చూడరు, ఒకటి చూసి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది దొరుకుతుంది. మొత్తం కథ ఒక్క డైరీ మీద ఆధారపడి ఉంటే, ఆ డైరీ ఉన్న గదిలోకి మీ వాళ్ళు పోనే పోరు. నాది గ్యారంటీ.

ఊరు మారితే ఇంకో చిక్కు వస్తుంది, అది పేర్లు మార్చినంత మాత్రాన తీరదు. ఆ మాడ్యూళ్ళన్నీ ఒక నమ్మకం మీద నిలబడి ఉంటాయి: మాయాలోకం గుట్టుగా ఉంది, మామూలు జనానికి తెలియదు, తెలిస్తే ప్రళయం. వాంపైర్‌లో ఆ ముసుగుకే మాస్కరేడ్ అని పేరు. పక్క ఫ్లాట్లో ఎవరున్నారో తెలియని ఊళ్ళో అది కుదురుతుంది. మూలాపేటలో ఒక వీధి మలుపు తిరగండి, "ఎవరబ్బాయివి నాయనా?" అని అరుగు మీది నుంచి పిలుపొస్తుంది. మీ వాంపైర్ పగలు బయటికి రాడని మూడో రోజుకే పాలావిడకి తెలిసిపోతుంది. పైగా మన దగ్గర దెయ్యం ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఎవరి దెయ్యమని అడుగుతారు. షట్టరుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టని కొట్టు ఎన్ని చూశారు?

అందుకని నేను గుట్టుని తిరగేశా. మా ఆటలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. క్లూలు దొరకడం తేలికవుతుంది, సాక్షిని నోరు విప్పించడం కష్టమవుతుంది. ఈ ఒక్క మార్పుతో విదేశీ మాడ్యూల్ సగం నెల్లూరుదైపోతుంది. మిగతా సగం తుపాకులు. ఆ పుస్తకాల్లో ప్రతి మూడో మనిషి దగ్గరా పిస్తోలుంటుంది. ఇక్కడ టార్చిలైటు, బండి తాళం, మహా అయితే హాకీ కర్ర. కాబట్టి పోరాటం మీద నడిచే మాడ్యూల్‌ని తేవాలంటే దాదాపు తిరగరాయాలి. ఆరా మీద నడిచేది అట్లాగే వస్తుంది. కేసు వైపు నేను మొగ్గడానికి అది రెండో కారణం.

పాచికలు, రూల్స్, మన భాష

పాచికల సంగతి చిన్నదని దాటేస్తారు, కానీ నెల్లూరులో మొదట తగిలే గోడ అదే. పది ముఖాలవి, ఇరవై ముఖాలవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్‌కి మామూలు ఆరు ముఖాలవి రెండు చాలు: మీ లూడో డబ్బాలోది ఒకటి, పక్కింటి లూడో డబ్బాలోది ఒకటి. 2012లో వచ్చిన ఈ ఆటలో రెండూ వేసి, ఆ పనిలో పాత్రకున్న బలం అంకె (+1 లాంటిది) కలిపి కూడాలి. 10, ఆ పైన పడితే అనుకున్నది అవుతుంది. 7 నుంచి 9 పడితే అవుతుంది గానీ ఏదో తిరకాసు. 6, అంతకు తక్కువైతే జీఎం చేతిలో పడ్డట్టే, కాకపోతే అనుభవం కింద ఒక గుర్తు వస్తుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. +1 ఉన్న పాత్రకి వాటిలో 10 పూర్తి గెలుపు, 16 తిరకాసు, 10 ఓటమి. ఆ పదహారే ఈ ఆటకి ఊపిరి. తలుపు తెరుచుకుంది, కానీ అవతల ఇంటాయన చూశాడు. అర్బన్ ఫాంటసీ అంటే నాకు ఆ "కానీ"లే.

ఇరవై ముఖాల డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాచికలో ఏ అంకెకైనా 5 శాతమే. అయింది, లేదా కాలేదు. నడుమ ఏమీ ఉండదు. చాలామంది దగ్గర ఇప్పటికే ఉందని, 2023 జనవరిలో మూల నియమాలు క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా విడుదలయ్యాయని దాన్నే ఈ కాలపు ఊరికి వంచాలని చూస్తారు. వంగుతుంది, కానీ దాని నడుము కొట్లాట. రాక్షసుడిని కొట్టి సొత్తు తీసుకోవడానికి కట్టిన ఇంట్లో ఆరా తీసే కథని కాపురం పెట్టినట్టుంటుంది.

వాంపైర్ అయిదో ఎడిషన్ రూల్స్ గురించి మంచి కూడా చెప్పాలి. పది ముఖాల పాచికలు గుప్పెడు వేస్తారు, 6 ఆ పైన పడ్డవన్నీ గెలుపులు. పాత్రకి ఆకలి పెరిగే కొద్దీ ఆ గుప్పెట్లో మామూలు పాచికలు తీసేసి ఎర్రవి పెట్టాలి, అయిదు దాకా. ఎర్రవి ఎక్కువైన రాత్రి గెలిచినా గెలుపు చేదుగా ఉంటుంది. రెండు రకాల పాచికలతో ఆకలిని చేతికి తగిలించిన ఆ ఉపాయం నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది. అక్కడితో ఆపుకుంటే బాగుండేది. తెగల పేర్లు, పదవుల పేర్లు, శక్తుల పేర్లు అన్నీ కలిపి కొత్తవాడి ముందు పోస్తే వాడు మొదటి గంటలోనే ఫోన్ తీస్తాడు.

శాతాల ఆట కావాలంటే 1981 నుంచీ నడుస్తున్న కాల్ ఆఫ్ కతూలూ ఉంది. డ్రైవింగ్ 45 అని రాసుంటే నూటికి నలభై అయిదు, అంతే; 45 కానీ అంతకన్నా తక్కువ కానీ పడాలి. మా ఇస్కూలు టీచరు అక్క ఒక్క నిమిషంలో పట్టేసింది. మొదటి పరిచయానికి ఉచిత పీడీఎఫ్ కూడా ఉంది. అయితే అది భయం ఆట. చివరికి పిచ్చెక్కడమో పోవడమో తప్పదు. ఆదివారం సాయంత్రం నవ్వుకుంటూ లేవాలనుకునే టేబుల్‌కి అది సరిపడదు.

ఫేట్ ఇంకో దారి. దాని పీడీఎఫ్‌కి మీకు తోచినంత ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోయినా దిగుతుంది. నాలుగు ప్రత్యేకమైన పాచికలు కావాలంటారు గానీ మామూలువి నాలుగు తీసుకుని 1, 2 పడితే మైనస్, 3, 4 పడితే సున్నా, 5, 6 పడితే ప్లస్ అనుకుంటే పనైపోతుంది. మేం ఇది ఆడుతుంటే మా అమ్మ చూసి "గవ్వలు వెయ్యరాదూ, ఇంట్లోనే ఉన్నాయి" అంది. గవ్వ వెల్లకిలా పడుతుంది లేదా బోర్లా పడుతుంది, మూడో రకం లేదు కాబట్టి లెక్క కుదరలేదు. ఆ రోజు ఆట ఆపి గవ్వలే ఆడాం. ఫేట్‌లో పాత్రకి ఉన్న లక్షణాలని మాటల్లో రాసుకుని, వాటిని కథలోకి లాగుతుండాలి. మాటకారులుంటే పండుగ, మొహమాటస్తులుంటే మౌనవ్రతం.

భాష సంగతి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నా. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. బల్ల దగ్గర మాట తెలుగు. మా రొయ్యల బావమరిదికి ఇంగ్లీషు చదవడమంటే చిరాకు. మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్‌లో ప్రధానమైన కదలికలు, అంటే పాచికలు వేసి పాత్ర చేసే పనులు, ఎనిమిదే కాబట్టి ఒక్క కాగితం మీద తెలుగులో రాసిచ్చా: కలబడు, నిబ్బరంగా చెయ్యి, ఆరా తియ్యి, మాటల్లో పెట్టు, అడ్డం నిలబడు, పసిగట్టు, చెయ్యందించు, మంత్రం వెయ్యి. అంతే. ఆ రోజు నుంచి వాడు రూల్స్ అడగలేదు. వాంపైర్‌కి ఇదే పని చెయ్యబోయి పదకొండో పేజీలో పెన్ను కింద పెట్టా.

అండర్ బ్రిడ్జి కేసు

మాట నిలవాలంటే ఒక ఉదాహరణ కావాలి. విదేశీ కేసు మాడ్యూళ్ళలో సబ్‌వేలో జనం మాయమయ్యే రకం తరచూ కనిపిస్తుంది. మనకి సబ్‌వే లేదు. కానీ ఊరిని నిలువునా కోస్తూ పోయే రైలు కట్ట ఉంది, దాని కింద అండర్ బ్రిడ్జిలున్నాయి, గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ దగ్గర నీళ్ళు నిలుస్తాయి. సబ్‌వేని కొట్టేసి అక్కడ అండర్ బ్రిడ్జి రాశా. మాడ్యూల్లోని జీవి మనుషుల్ని మింగేది. నేను దానికి దారులు తినిపించా. రాత్రి ఆ నీళ్ళలో దిగినవాడు అవతల గట్టుకి క్షేమంగానే చేరతాడు, కానీ ఒక దారి మర్చిపోతాడు. ఒకరికి ఆత్మకూరు బస్టాండుకి పోయే దారి. ఇంకొకరికి ఇల్లు.

మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్ కేసులకి ఆరు మెట్ల గడువు ఉంటుంది. ప్లేయర్లు ఏమీ చెయ్యకపోతే కథ ఎటు పోతుందో చెప్పే వరస అది. ఆ పేర్లని నేను పగలు, నీడలు, పొద్దువాలడం, మునిమాపు, రాత్రి, నడిరేయి అని పెట్టుకున్నా. పగలు: ఒక ఆటో ఆయన స్టాండులో కూర్చుని ఏడుస్తుంటాడు, ఇరవై ఏళ్ళుగా తిప్పిన ఊళ్ళో ఇంటికి ఎట్టా పోవాలో తెలియదు. నీడలు: స్కూలు వ్యాను పిల్లల్ని ఎవరిళ్ళ దగ్గరా దించలేదు. పొద్దువాలడం: అంబులెన్సు ఆసుపత్రులున్న పొగతోట చుట్టూ తిరుగుతూనే ఉంది. మునిమాపుకి మళ్ళీ వాన. రాత్రికి నీళ్ళు కట్ట దాటి వీధుల్లోకొస్తాయి. నడిరేయికి స్టేషన్లో రైలు దిగిన ఏ ఒక్కరికీ తన ఇల్లు ఎటో తెలియదు.

మూడు క్లూలు కావాలి కదా. ఆటో ఆయన మర్చిపోయిన దారి వేరేవాళ్ళు కలలో నడుస్తున్నారు. నీటిమట్టం గీత గోడ మీద ఎండాకాలంలో కూడా తడిగానే ఉంది. రైల్వే గ్యాంగులో రిటైరైన పెద్దాయనకి తెలుసు, చెప్పడు. ఆయన దగ్గర కూర్చుని టీ తాగి, మీ తాతది ఏ ఊరో చెప్తే గానీ నోరు విప్పడు. ఈ మూడోది మాటల్లో పెట్టు కదలిక. మెడికల్ షాపు బావకి 8 పడింది. పెద్దాయన చెప్పాడు, కానీ "నా మనవరాలి పెళ్ళికి రావాల" అని మాట తీసుకున్నాడు. ఆ పెళ్ళి తర్వాతి కేసైంది. చూశారా, తిరకాసు గెలుపు ఎంత దూరం మోస్తుందో.

ఒక్క హెచ్చరిక. ఆట మొదలయ్యే ముందు ముట్టుకోకూడని సంగతులేవో అందరూ కలిసి అనుకోండి. మా టేబుల్లో ఒకరు 2021 నవంబరులో పెన్న వరదకి ఇల్లు మునిగినవాళ్ళు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన వరద అది. నా కథలో నీళ్ళున్నాయి కాబట్టి ముందే అడిగా. "వాననీళ్ళు సరే, పెన్న వద్దు" అన్నారు. సరే, పెన్న లేదు. గుడిలో దేవుడినీ దర్గానీ రాక్షసుల పట్టికలో వెయ్యడం కూడా మా దగ్గర లేదు. కులం పేరుతో వర్గం ఉండదు. వీటి మీద చర్చ పెట్టను.

వర్గాలే కావాలంటే

టేబుల్ ఏడాది నిలిచింది, నలుగురు తప్పకుండా వస్తున్నారు, అప్పుడు వర్గాల మాడ్యూల్ తీసుకోవచ్చు. అప్పుడు కూడా నా ఓటు వాంపైర్‌కి కాదు, అర్బన్ షాడోస్‌కి. 2015లో వచ్చింది. పాచికలు అవే రెండు, కాబట్టి కొత్తగా నేర్చుకునేది తక్కువ. ఊరిని నాలుగుగా చూస్తుంది: మామూలు మనుషులు, వాంపైర్లలాంటి రాత్రివాళ్ళు, మంత్రవిద్య తెలిసినవాళ్ళు, అవతలి లోకాల నుంచి వచ్చిన అడివివాళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం బాకీలు. ఎవరన్నా మీకు సాయం చేస్తే బాకీ రాసుకోవాలి. వాళ్ళు అడిగిన రోజు తీర్చాలి, లేదంటే పర్యవసానం ఉంటుంది. డబ్బు కన్నా బాకీ బరువైన లోకం.

ఈ బాకీల రూల్ ఇంగ్లీషులో చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది స్వర్ణాల చెరువు. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. పేరు తెలియని మనిషి దగ్గర తీసుకుని, పేరు తెలియని మనిషికి తీర్చే బాకీ. పండుగని ఆటలోకి లాగలేదు, చెప్పా కదా. ఆ నడక ఒక్కటే తీసుకున్నా: మా ఆటలో బాకీ ఇచ్చినవాడికే తీర్చనక్కర్లేదు, అవసరమున్న మూడోవాడికి తీర్చొచ్చు. రూల్ ఇంత చిన్నగా మారితే వర్గాల తీరే మారిపోయింది. ఎవరు ఎవరికి ఎందుకు సాయం చేశారో పైకి తెలియదు, ఆరా తీస్తే పాత బాకీ బయటపడుతుంది.

వర్గాలకి కోపం కూడా కావాలి కదా. విదేశీ మాడ్యూల్లో రెండు వాంపైర్ వంశాల పగ ఉంటుంది, మనకి దానితో సంబంధం ఏముంది? 13వ శతాబ్దంలో నెల్లూరేలిన మనుమసిద్ధికీ కాటమరాజుకీ పశువుల మేత దగ్గర పేచీ వచ్చింది. పుల్లరి, అంటే మేత పన్ను, మాట తెగలేదు, యుద్ధం దాకా పోయింది, ఖడ్గ తిక్కన అందులో పడిపోయాడు. ఆ తగవులో ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్ళదే న్యాయం. వర్గాల మాడ్యూల్‌కి కావలసింది సరిగ్గా ఆ రకం పేచీ. నేను మనుషుల పేర్లు వాడలేదు. తెగని పుల్లరి అనే సంగతి తీసుకుని, పచ్చిక హక్కు అడిగే అడివివాళ్ళనీ, ఇళ్ళ ప్లాట్లు వేసిన రాత్రివాళ్ళనీ ఎదురెదురుగా పెట్టా.

ఊరి మాడ్యూల్ సంగతి చెప్పకుండా వదిలితే మా ఒంగోలు బావ ఊరుకోడు. కర్నూలు రోడ్డులో ఆయన టేబుల్ నడుస్తుంది, కథ ఎప్పుడూ ముందు రాసుకోడు. మ్యాపు పరిచి "ఎటు పోతారు?" అంటాడు. ఆయన ఊరి మాడ్యూల్లో చీమకుర్తి గ్రానైట్ ఉంది. నల్లరాయిలో చుక్కలు మెరుస్తాయి కదా, రాత్రి ఆకాశాన్ని పలకలుగా కోసి ఓడలకెక్కిస్తున్నారని, అందుకే ఒక్కో ఏడు ఒక్కో నక్షత్రం తగ్గుతోందని పెట్టాడు. మార్కాపురం పలక మీద బలపంతో రాసిన పేరు తుడిచేస్తే మనిషి పోతాడు. కందుకూరులో ఒక దెయ్యం ఉంది. ఆ ఊరిని 1970లో నెల్లూరు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు, 2022లో మళ్ళీ నెల్లూరుకిచ్చారు, తన అర్జీ ఏ కలెక్టరేట్‌లో పెట్టుకోవాలో దానికి తెలియదు. ఆ దెయ్యం దగ్గర మేం ఒక సాయంత్రమంతా నవ్వాం. ఇవేవీ కొన్న పుస్తకంలోవి కావు. పుస్తకం ఆయనకి ఇచ్చింది పట్టికలే: యాదృచ్ఛికంగా ఎదురయ్యేవాళ్ళు, పుకార్లు, వాతావరణం. అప్పటికప్పుడు అల్లగలిగినవాడికి ఆ పట్టికలు బంగారం. నాలాంటివాడికి మూడో పుకారు దగ్గరే నాలుక మడత పడుతుంది.

కాబట్టి మీరు జీఎం అయితే ముందు నిజాయితీగా చూసుకోండి. పెళ్ళిలో మైకు ఇస్తే పావుగంట మాట్లాడగలరా? ఊరి మాడ్యూల్ కొనండి. ఇంటి ఖర్చు డైరీ రోజూ రాస్తారా? ఎప్పటికైనా వర్గాలు మీవే. రెండూ కాదంటే కేసు, ఒకదాని వెనుక ఒకటి. పది కేసులయ్యాక వెనక్కి చూస్తే వాటిలోని మనుషులే ఊరైపోయి ఉంటారు, ఊరి మాడ్యూల్ కొనక్కర్లేదు. మా రిటైరైన గ్యాంగు పెద్దాయన ఇప్పటికి నాలుగు కేసుల్లో వచ్చాడు.

మొదటి ఆదివారానికి ప్రింటు తియ్యాల్సినవి పాత్రల కాగితాలు, ఎనిమిది కదలికల తెలుగు కాగితం, ఆరు మెట్ల గడువు మీ ఒక్కరికి. మాడ్యూల్ మొత్తం ప్రింటు తియ్యొద్దు, జిరాక్స్ షాపు ఆయన బాగుపడతాడు తప్ప. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళ మిద్దె చూసుకోండి. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే ఆరున్నరకి తేలుతుంది, మెడికల్ షాపు బావ గిరాకీ అందుకోవచ్చు. మా రొయ్యలవాడు ఈ సారి పట్టుబడి అయ్యాక అర్బన్ షాడోస్‌కి వస్తానన్నాడు. వాడి పాత్ర ఎవరికి బాకీ ఉండాలో ఇంకా తేల్చుకోలేదు, కరెంటు ఆఫీసులో ఎవరికన్నా పెడితే ఎట్టా ఉంటుందని ఆలోచిస్తున్నా.